ఊరట పట్టీ

ఆ పొద్దు తూర్పున ఆకాశం కడిగినట్టు తేటగా ఉంది. పడమటి గట్ల మీద మాత్రం సన్నటి మబ్బు గీత ఒకటి కదలకుండా నిలబడి ఉంది. గాలి లేదు. రాయినిగూడెం ఆసుపత్రి వరండాలోకి నర్సింగు కాలేజీ అమ్మాయిలు వరసగా ఎక్కుతుంటే వాళ్ల చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష ఆ రోజే మొదలు. ఒక్కొక్కరికి ఒక్కో రోగి, మూడు రోజులు.

రవళికి పన్నెండో మంచం వచ్చింది.

మంచం మీద బీరయ్య. గొర్లు కాసే కురుమ, అరవై దాటిన మనిషి. అంతకు రెండు రోజుల ముందు పొట్టేలు కుమ్మి ఎడమవైపు పక్కటెముకలు చిట్లాయి. ఊపిరితిత్తికి దెబ్బ లేదనీ, కొన్నాళ్లు పడుకోబెట్టి చూస్తే చాలనీ డాక్టర్లు అన్నారు. పక్కన స్టూలు మీద భార్య కొమురవ్వ కూర్చుని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది. ఆసుపత్రిలో ఈ పనేంటని ఆయా కసిరితే, చేతులు ఊకెనే ఉంటే నాకు తలకాయ తిరుగుతదని చెప్పి మళ్లీ తన పనిలో పడింది.

రవళి ట్రేలోంచి పట్టీ తీసింది. బొటనవేలంత వెడల్పు, బూడిదరంగు రబ్బరు. బీరయ్య కుడిచేతికి చుట్టి నొక్కగానే మంచం తల దగ్గరి చిన్న తెర మీద ఒక అంకె వెలిగింది. నలభై ఆరు.

"ఏందిది బిడ్డా, గడియారమా?"

"కాదు తాతా. నీకెంత బాధ ఉందో ఇది చెప్తది. నొప్పి, భయం, నిద్ర లేకపోవుడు అన్నీ కలిపి."

"నేను చెప్తే సాలదా?"

"నువ్వు చెప్పవు గద."

కొమురవ్వ నవ్వింది. "నిజమే. కాలిరిగినా చెప్పడు. కుంటుతుంటే సూసి మనమే తెలుసుకోవాలె."

రవళి ఆయన వీపు కింద దిండు ఎత్తు చేసింది. దగ్గు వచ్చినప్పుడు ఇంకో దిండును పక్కటెముకలకు ఎట్లా అదుముకోవాలో చూపించింది. గొంతు తడిపింది. కాళ్ల మీద గొంగడి సర్దింది. ఆ గొంగడి ఆయనదే, ఇంటినుంచి తెచ్చుకున్నది. తెర మీద అంకె మెల్లగా దిగి ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. రవళి ఓరగా తెరను చూసుకుంది. ఆ దిగిన అంకె ఎంతో, అవే ఆమె మార్కులు. పట్టీ ఒకసారి కట్టాక ఆ చేతిని పరీక్ష రాసే పిల్ల ముట్టుకోకూడదు. అది నియమం. పట్టీని ఎవరూ కదపకుండా పెట్టుకున్నారు.

"బిడ్డా, జర వరండాలకు పోయి పడమట సూసి రా. మబ్బుందా?"

ఆయన మంచానికి కిటికీ కనపడదు. రవళి వెళ్లి చూసొచ్చింది.

"సన్నగ గీతలెక్క ఉంది తాతా. కదుల్తలేదు."

"కదలకుంటే ఇయ్యాల రాదు. ఎల్లుండి సూడు. మా అల్లునికి గొర్లను వాగు దాటియ్యొద్దని చెప్పాలె." కాసేపు ఆగి మళ్లీ అందుకున్నాడు. "పోయిన నెల ఒక గొర్రె ఈనింది. పిల్ల సచ్చిపోయింది. ఇంకోటి తల్లి లేని పిల్ల ఉండె. పాలకు పోతే ఈ గొర్రె తన్నుతది. అప్పుడేం జేసిననో ఎర్కనా? సచ్చిన పిల్ల తోలు దీసి, తల్లి లేనిదానికి కప్పి కట్టిన. గొర్రె వాసన సూసింది. నాదే అనుకుంది. పాలిచ్చింది."

"దానికి తెల్వదా?"

"దానికి వాసనొక్కటే తెలుసు బిడ్డా."

*

ఆ పట్టీని తయారుచేసిన శశిధర్ కాలేజీ మేడమీది గదిలో ఉంటాడు. నలభై ఏళ్లవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. వాళ్లమ్మ ఒక పెద్దాసుపత్రిలో, చేతికందే దూరంలో ఉన్న గంట నొక్కడానికి మొహమాటపడి, తెల్లవార్లూ నొప్పి ఓర్చుకుని పోయింది. గంట నొక్కలేనివాళ్ల తరఫున తనంతట తాను మోగే గంటను చేస్తానని ఆయన అప్పుడే అనుకున్నాడు. చేశాడు. అంకె డెబ్బై దాటితే తెర ఎర్రబడుతుంది, నర్సుల గదిలో గంట మోగుతుంది. దాటకపోతే పచ్చగా ఉంటుంది. మొదటి ఏడాది ఆ గంట ఎంతోమందిని కాపాడింది. ఆ మాట ఎస్తేరమ్మ కూడా ఒప్పుకుంటుంది.

ఎస్తేరమ్మ ఆ కాలేజీలో ట్యూటరు. తెల్లజుట్టు, పొట్టి చేతివేళ్లు. పిల్లలకు పొట్ట పరీక్ష నేర్పేటప్పుడు వాళ్ల చేతిమీద తన చెయ్యి వేసి నొక్కేది. ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ నొక్కితే రోగి మొహం మారిందో చేతికే తెలియాలనేది. నాడి చూడటానికి గడియారం మీదికంటే ముందు మొహం మీదికి చూడమనేది.

తర్వాత పట్టీతో పిల్లల్ని తూచడం మొదలైంది. ఆ వెంటనే పిల్లల మార్కులతో టీచర్లనూ తూచారు. ఎవరి పిల్లల చేతికింద రోగుల అంకె బాగా దిగుతుందో వాళ్ల బోధన మంచిదన్నట్టు. రెండేళ్లుగా ఎస్తేరమ్మ లెక్క అందరికంటే కింద ఉంది.

"మీ పిల్లలు పొట్ట నొక్కుతారు మేడం," అన్నాడు శశిధర్ ఒకసారి, తప్పు పట్టినట్టు కాకుండా. "నొక్కితే అంకె లేస్తుంది. లేచినదాన్ని మూడు రోజుల్లో దించడం కష్టం."

"నొక్కకపోతే లోపలేముందో ఎట్లా తెలుస్తుంది?"

"పట్టీ చెబుతుంది కదా."

ఎస్తేరమ్మ ఆ మాట వదిలేసింది. బిగింపు సంగతి మాత్రం అడిగింది. ముసలివాళ్ల చేతులు వాస్తే పట్టీ ఒరుసుకుని పుండు పడుతోంది, వదులు చేసుకునేట్టు పెట్టమంది. ఆయన పెట్టాడు.

మూడో ఏడు కూడా లెక్క తక్కువొస్తే కాలేజీకి ముప్పై సీట్లు పోతాయని నర్సింగు బోర్డు వాళ్లు చెప్పి వెళ్లారు. ముప్పై సీట్లంటే ముప్పై ఊళ్ల ఆడపిల్లలు. పరీక్షకు వారం ముందు ఎస్తేరమ్మ క్లాసులో అందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పింది.

"ఈ మూడు రోజులు నొప్పి లేచే పనేదీ చెయ్యకండి. పొట్ట నొక్కకండి. డాక్టరు చెబితే తప్ప."

పిల్లలు తలలూపారు. ఆమె చాక్‌పీసు బల్లమీద పెట్టి బయటికొచ్చి కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. చేతులకు మురికేం లేదు.

*

రెండోరోజు మధ్యాహ్నం పదకొండో మంచం దగ్గర రవళి తోటి పిల్ల నందిత ఏడ్చింది. ఆమె రోగి ఆపరేషనైన పిల్లవాడు. ఎంత చేసినా అంకె అరవై దిగలేదు. నందిత గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంటుంటే బీరయ్య మంచం మీద నుంచి చూశాడు.

"ఆ బిడ్డెందుకేడుస్తుంది?" అనడిగాడు రవళిని.

"మార్కులు తాతా. అంకె దిగకపోతే ఫెయిలు."

"ఫెయిలైతే?"

"మళ్ల ఆరు నెలలు. మా ఇంట్ల ఐతే మళ్ల పంపరు. చదివింది చాలు, ఇంటికి రా అంటరు." ఆమె నవ్వుతూనే అంది.

బీరయ్య తన తెర వైపు చూడబోయాడు. మెడ తిరగలేదు. "నాదెంతుంది?"

"నలభై ఒకటి. పొద్దుగూకితే లేస్తది నీకు. నిన్న యాభై రెండైంది. ఏం గాదు తాతా, నువ్వు అట్ల పెట్టుకోకు మనసుల."

ఆమె అన్నానికి వెళ్లింది. ఆయన చాలాసేపు కొమురవ్వ తిప్పే కదురును చూస్తూ పడుకున్నాడు. కదురు గిర్రున తిరిగి నేలదాకా దిగడం, ఆమె దారం చుట్టుకుని మళ్లీ వదలడం.

"ఏయ్, ఇటు రా. చెయ్యి తే."

"ఎందుకు?"

"తే అంటున్న గద."

ఆయన గొంగడి కింద ఎడమచేత్తో పట్టీ బిగింపు తడిమాడు. వదులైంది. తీసి ఆమె మణికట్టుకు, గాజులకు పైన చుట్టి నొక్కాడు.

"ఏందయ్యా నీ పని? తప్పు గాదా?"

"ఎవని సొమ్ము దింటున్నం? నాకు రాత్రైతే నొప్పి లేస్తది. నా నొప్పికి ఆ పిల్ల బతుకు పోవాల్నా? తోలు కప్పుడే ఇది. దీనికి మాత్రం ఏం తెలుసు."

తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది. ముప్పై. కొమురవ్వ భయంగా అటు చూసి, ఏమీ కాకపోయేసరికి స్టూలు మీద కూర్చుని కొంగు చేతిమీదికి లాక్కుంది. కదురు అందుకుంది. దారం సాగుతున్నకొద్దీ అంకె దిగింది. ఇరవై రెండు. పదిహేను.

"ఎంతుంది?" అన్నాడు బీరయ్య.

ఆమెకు అంకెలు చదవడం వచ్చు. చెప్పింది.

"నీ అంత నిమ్మళమైన గొర్రె నా మందల లేదు," అన్నాడాయన.

"సాలు తియ్యి," అంది ఆమె.

రవళి తిరిగొచ్చేసరికి తెర పచ్చగా ఉంది. ఆమె రెండుసార్లు చూసుకుంది. బీరయ్య రెండు చేతులూ గొంగడి కిందే ఉన్నాయి.

"చలి వెడుతుందా తాతా?"

"జరంత."

"నొప్పి?"

"లేదు బిడ్డా. నీ చెయ్యి మంచిది."

ఆమె మొహం అప్పుడు ఎట్లా వెలిగిందో కొమురవ్వ తర్వాత చాలాకాలం మరిచిపోలేదు. ఆ సాయంత్రం నుంచి ఏ నర్సూ పన్నెండో మంచం దగ్గర ఆగలేదు. పచ్చగా ఉన్న మంచాల దగ్గర ఆగడం ఆ వార్డులో ఎప్పుడో మానేశారు.

*

మూడోనాటి పొద్దున మబ్బు గట్లు దిగి ఊరంతా కమ్ముకుంది. వాన వాసన వస్తోంది. వరండాలో నడుస్తూనే రవళి ఆ కబురు బీరయ్యకు ఎట్లా చెప్పాలో అనుకుంటూ వచ్చింది. ఎల్లుండి అన్నాడు, అన్నట్టే వచ్చింది.

బీరయ్య కళ్లు తెరిచే ఉన్నాడు. ఆమెను చూసి పెదాలు కదిపాడు. మబ్బు గురించి అడగలేదు.

కుడిచెయ్యి గొంగడి కిందే ఉంచి, ఎడమచేత్తో ఆ వైపు భుజాన్నే రాసుకోబోయి, అందక వదిలేశాడు.

"భుజం గుంజుతుందా తాతా?"

"పక్కకు ఒరిగి పన్నుకున్న. అందుకే."

పెదాలు తెల్లగా ఉన్నాయి. వాటి చుట్టూ చెమట. రవళి చెయ్యి ఆయన పొట్టవైపు వెళ్లింది. గొంగడి మీద ఆగింది. మేడం చెప్పిన మాట గుర్తొచ్చింది. తెరవైపు చూసింది. పదకొండు. వార్డు మొత్తంలో అంత తక్కువ అంకె ఎక్కడా లేదు.

"నీళ్లేమన్న కావాల్నా?"

"వద్దు బిడ్డా. నీ పరీక్ష అయిపోయిందా?"

"ఇగో, ఇంకొంచెం సేపట్ల."

"మంచిగ."

పరీక్ష ముగిసిందని వార్డులో ప్రకటన వచ్చింది. అమ్మాయిలు ఒకరినొకరు చూసుకున్నారు. రవళి వేడినీళ్లు తెచ్చి ఆయన ఒళ్లు తుడుద్దామని గిన్నె తీసుకుని బయటికి నడిచింది. ఇక చేయాల్సిన పని కాదది, మార్కులు లేవు. ఊరికే చేద్దామనుకుంది. గిన్నె నిండుతుండగా గంట మోగింది.

పన్నెండో మంచం. తొంభై ఎనిమిది.

ఆమె పరుగెత్తి వచ్చేసరికి కొమురవ్వ నిలబడి ఉంది. కదురు మంచం కిందికి దొర్లిపోయింది. తెల్లటి దారం పక్క మంచాల మధ్యదాకా సాగి పడి ఉంది. ఆమె బీరయ్య భుజం పట్టుకుని కుదుపుతోంది. గొంగడి జారింది. ఆయన కుడిచెయ్యి బయటపడి ఉంది, మణికట్టు బోడిగా. పట్టీ కొమురవ్వ గాజుల మీద ఉంది.

డాక్టర్లు వచ్చారు. నెత్తురు ఎక్కించారు, పొట్ట కోశారు, మనిషి దక్కలేదు. పక్కటెముకల కింద ప్లీహం దెబ్బ తిని ముందునాటి సాయంత్రం నుంచీ లోపల నెత్తురు కారుతూ ఉందని చెప్పారు. పొట్ట గట్టిపడి ఉంటుంది, నాడి పరుగెత్తుతూ ఉంటుంది, ఎవరైనా చెయ్యి వేసి ఉంటే తెలిసేదన్నారు.

మోగిన గంట ఆయనది కాదు. ఆయన నొప్పికి ఒక్కసారీ మోగలేదు.

*

మేడమీది గదిలో శశిధర్ తెరలో పట్టీ గీసిన గీత చూపించాడు. ఎస్తేరమ్మ కుర్చీలో కూర్చోలేదు.

"ఇక్కడ తెగింది చూడండి. ఇక్కడ మళ్లీ మొదలైంది. ఇది వేరే గుండె. చూస్తే ఎవరికైనా తెలుస్తుంది."

"మీరు చూడలేదా?"

"అంకె దిగుతోంది మేడం. దిగేదాన్ని ఎందుకు చూస్తాను." ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "మా అమ్మలాంటివాళ్ల కోసం చేశాను. వాళ్లు దాన్ని విప్పి వేరేవాళ్లకు కడతారనుకోలేదు."

ఎస్తేరమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. వాన పడుతోంది. కింద వరండాలో కొమురవ్వ గొంగడి ఒళ్లో పెట్టుకుని, ఊరి బండి కోసం కూర్చుని ఉంది.

"లెక్క వచ్చింది," అన్నాడు శశిధర్ మెల్లగా. "రవళి మొదటిది. కాలేజీలోనే కాదు, అన్ని కాలేజీల్లోనూ. మీ బోధన కూడా ఈసారి అన్నిటికంటే పైన ఉంది. ఎట్లా నేర్పారో చెప్పడానికి మిమ్మల్ని పట్నం రమ్మంటారు."

"వెళ్తాను," అంది ఆమె.

వెళ్లింది. బోర్డు వాళ్ల ముందు నిలబడి, పట్టీ ఎవరి చేతికి ఉందో, తాను పిల్లలకు ఏమని చెప్పిందో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాళ్లు విన్నారు. ఒకాయన టీ తెప్పించాడు. ఆమె తాగలేదు. రవళి పరీక్ష రద్దయింది, ఆరు నెలల తర్వాత మళ్లీ రాయాలి. ఎస్తేరమ్మ ఇక వార్డులో నేర్పకూడదు. సీట్ల సంగతి తర్వాత చూస్తామన్నారు. రోగి విప్పలేకుండా పట్టీకి తాళం పెట్టాలని నిర్ణయమైంది. శశిధర్ తలవంచుకుని ఆ తాళం నమూనా గీసి ఇచ్చాడు.

హాస్టలు మెట్ల మీద రవళి ఎస్తేరమ్మ కోసం ఎదురుచూస్తూ ఉంది. ఆమె రాగానే లేచి నిలబడింది.

"మేడం, ఆయన మబ్బు గురించి అడగలేదు."

ఎస్తేరమ్మకు అర్థం కాలేదు.

"రోజూ అడిగేటోడు. ఆ పొద్దు అడగలేదు. ఏదో అయిందని నాకప్పుడే తెలిసింది మేడం. తెలిసి తెరదిక్కు చూసిన."

"నొక్కొద్దన్నది నేను."

"చెయ్యి నాది గద."

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. లోపల అమ్మాయిలు బట్టలు సర్దుకుంటున్న చప్పుడు వచ్చింది. వెలుతురు తగ్గేదాకా అట్లాగే ఉన్నారు.

"ఇంట్ల చెప్పినవా?" అనడిగింది ఎస్తేరమ్మ.

"చెప్పిన. వచ్చెయ్యమన్నరు."

"నా దగ్గరుండు. ఆరు నెలలే కదా."



*

దినవారాలు అయ్యాక ఒకరోజు ఇద్దరూ బీరయ్య ఊరికి వెళ్లారు. బస్సు దిగి చేలగట్టు మీద నడిచారు. గుడిసె ముందు గొర్ల దొడ్డి. గుంజకు ఒక పొట్టేలు కట్టేసి ఉంది, మెలితిరిగిన కొమ్ములతో. ఆకు నములుతూ వాళ్లను చూసింది.

కొమురవ్వ లేచి వచ్చి చాప పరిచింది. ఎస్తేరమ్మ ఎవరో రవళి చెప్పింది.

"ఇదేనా అవ్వా?" అంది రవళి, పొట్టేలు వైపు చూసి.

"అదే. కొయ్యమన్నరు అందరు. అల్లుడు కత్తి గూడ నూరిండు. నేనే వద్దన్న. దానికేం తెలుసు."

దొడ్డిలో ఒక పిల్ల గొర్రె కింద దూరి పాలు తాగుతోంది. తోకాడిస్తోంది. దాని మీద తోలేమీ లేదు, ఎప్పుడో ఊడదీశారు. ఇప్పుడు ఆ గొర్రె దానిదే.

కొమురవ్వ రవళి మొహంలోకి చూసింది.

"పాసైనవా బిడ్డా?"

ఎస్తేరమ్మ నోరు తెరిచింది. అయింది అవ్వా అని చెబుదామని ఆమెకు బస్సులోనే అనిపించింది. ఆ మాటతో ముసలామె ప్రాణం కుదుటపడుతుంది. రవళి అంతకంటే ముందు చెయ్యి చాపింది. కొమురవ్వ మణికట్టు అందుకుని, ఇప్పుడు గాజుల్లేని చోట మూడు వేళ్లు ఆనించింది. ముసలామె మొహంలోకే చూస్తూ నాడి పట్టింది. తర్వాత చెప్పింది.

"లేదవ్వా. మళ్ల రాయాలె."

కొమురవ్వ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేళ్ల కింద నాడి ఒక్కసారి ఎగిరి, తడబడి, మెల్లగా సర్దుకుంది. అదంతా రవళికి తెలిసింది.

"ఐతే మా ఆయన ఊకెనే పోయిండన్నట్టు."

పొట్టేలు కొమ్ములు గుంజకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

చాలాసేపటికి ఆమె అంది. "ఈసారి గిట్లనే చెయ్యి పట్టుకొని సూడు బిడ్డా. ఏం లేదంటే నమ్మకు. మాసొంటోళ్లం అబద్ధమాడుతం."

"సరే అవ్వా."

కొమురవ్వ లేచి లోపలికి వెళ్లింది. పొయ్యి మీద రొట్టెల పెంకు పెట్టిన వాసన, జొన్నపిండి తట్టే చప్పుడు. రవళి వెళ్లి పక్కన కూర్చుని పిండి ముద్దలు చేసిచ్చింది. ఎస్తేరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. మూడు రొట్టెలు, మట్టికుండలో చింతచిగురు పప్పు, ఒక ఉల్లిగడ్డ చితగ్గొట్టి. నాలుగో పళ్లెం అలవాటుగా తీసి, చూసి, మళ్లీ గోడకు ఆనించి పెట్టింది కొమురవ్వ.

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. రొట్టె తుంచుకున్నారు. పప్పులో అద్దుకున్నారు. ఒకరి పళ్లెంలో పప్పు అయిపోతే ఇంకొకరు చూసి వేశారు.